సిస్టమ్ డిస్క్ క్లోన్ చేస్తే సర్వర్ డౌన్‌టైమ్ తగ్గుతుందా? తగ్గుతుంది, కానీ పని చేయాల్సింది క్లోన్ మీద

ముందుగా మీరు అడిగింది క్లుప్తంగా చెప్పుకుందాం. మందుల హోల్‌సేల్ సంస్థలో ఒకే ఒక్క టవర్ సర్వర్ ఉంది. ఉబుంటు 20.04 (లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) మీద పోస్ట్‌గ్రెస్ 14 డేటాబేస్, దాని మీద బిల్లింగ్ అప్లికేషన్ నడుస్తున్నాయి. అన్నీ ఒకే 480 జీబీ ఎస్‌ఎస్‌డీలో ఉన్నాయి. ఇప్పుడు 22.04కి వెళ్లాలి. పోయినసారి అప్‌గ్రేడ్‌కి ఆరు గంటలు కౌంటర్ ఆగిపోయింది. ఈసారి మీ ఓనర్‌గారు ఆదివారం సాయంత్రం ఒక్క గంట మాత్రమే ఇస్తానన్నారు. ముందు రోజు రాత్రి, బ్లాకుల వారీగా కాపీ చేసే డీడీ కమాండ్‌తో డిస్క్ మొత్తాన్ని క్లోన్ (అచ్చు అలాంటి కాపీ) చేసి పక్కన పెట్టుకుని, ఆదివారం అసలు డిస్క్ మీద అప్‌గ్రేడ్ చేసి, తేడా వస్తే క్లోన్‌ని పెట్టేద్దామని మీ ఆలోచన. దీనివల్ల డౌన్‌టైమ్ తగ్గుతుందా అన్నది ప్రశ్న.

అలా చేస్తే తగ్గదండీ. అప్‌గ్రేడ్ అసలు డిస్క్ మీదే జరుగుతుంది కాబట్టి ఆ ఆరు గంటలు ఆరు గంటలుగానే ఉంటాయి. క్లోన్ మీకు ధైర్యం ఇస్తుందే గానీ సమయం ఇవ్వదు. దీన్ని తిరగేయండి. అసలు డిస్క్‌ని ముట్టుకోకుండా అలాగే నడవనివ్వండి, అప్‌గ్రేడ్ అంతా క్లోన్ మీద చేయండి. కౌంటర్‌లో బిల్లులు పడుతూనే ఉంటాయి, మీరు పక్కన రెండు రోజులైనా తీరిగ్గా పని చేసుకోవచ్చు. ఆదివారం గంటలో మిగిలేది ఒక రీబూట్, ఒక తనిఖీ. ఏదైనా చెడితే వెనక్కి రావడానికి కూడా ఒక రీబూట్ చాలు.

ఇది కొత్త పద్ధతేమీ కాదు. సొలారిస్‌లో లైవ్ అప్‌గ్రేడ్, ఏఐఎక్స్‌లో ఆల్ట్ డిస్క్ కాపీ, హెచ్‌పీ-యూఎక్స్‌లో డైనమిక్ రూట్ డిస్క్ అన్నీ ఇవే. బ్యాంకులు, టెలికాం సంస్థల్లో పెద్ద యూనిక్స్ మెషిన్లు చూసుకున్నవాళ్లు రెండో డిస్క్ మీద ప్యాచ్‌లు వేసి, రాత్రి రీబూట్ మాత్రమే చేసేవాళ్లు. ఫ్రీబీఎస్‌డీలో జెడ్‌ఎఫ్‌ఎస్ బూట్ ఎన్విరాన్‌మెంట్లు ఇప్పటికీ అదే పని చాలా సులువుగా చేసి పెడతాయి. ఉబుంటు సర్వర్‌లో అంత రెడీమేడ్‌గా దొరకదు కాబట్టి మనం చేత్తో చేసుకోవాలి.

పోయినసారి ఆరు గంటలు ఎక్కడ పోయాయో కూడా చూడండి. ప్యాకేజీలు దిగి ఇన్‌స్టాల్ కావడానికి మామూలుగా గంట, గంటన్నర పడుతుంది. మిగతాదంతా ఆ తర్వాత బయటపడే తేడాలు సరిచేయడానికే పోతుంది. 20.04 నుంచి 22.04కి వెళ్తే పైథాన్ 3.8 నుంచి 3.10 అవుతుంది, పాత వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ ఆ క్షణం నుంచే పనిచేయదు. పీహెచ్‌పీ 7.4 నుంచి 8.1 అవుతుంది. ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1.1 నుంచి 3.0కి మారుతుంది. వేరే మెషిన్ నుంచి సర్వర్‌లోకి చేరడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ కొత్త వెర్షన్ షా-1తో చేసే పాత ఆర్‌ఎస్‌ఏ సంతకాలను డిఫాల్ట్‌గా ఒప్పుకోదు, కాబట్టి ఎక్కడో ఒక పాత పీసీ నుంచి ఫైళ్లు పంపే ప్రోగ్రామ్ ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఇవన్నీ కష్టమైన సమస్యలేం కావు. వెనక పదిమంది నిలబడి "ఇంకా ఎంతసేపు" అని అడుగుతుంటే మాత్రం టెన్షన్‌లో చేయకూడని పనులు చేస్తాం. క్లోన్ మీద చేస్తే ఆ టెన్షన్ ఉండదు.

అయితే దీనికంతటికీ ఒక షరతు ఉంది. డేటా, సిస్టమ్ వేరువేరు డిస్కుల మీద ఉండాలి. మీ దగ్గర రెండూ ఒకేచోట ఉన్నాయి. శుక్రవారం రాత్రి క్లోన్ తీస్తే, శనివారం పొద్దున పడిన మొదటి బిల్లు దగ్గర నుంచి ప్రతిదీ అసలు డిస్క్‌లోనే ఉంటుంది, క్లోన్‌లో ఉండదు. ఆదివారం క్లోన్‌తో బూట్ చేస్తే రెండు రోజుల వ్యాపారం మాయమవుతుంది. అందుకే మొదటి పని క్లోనింగ్ కాదు, డేటాబేస్‌ని బయటకు తీయడం.

దీనికి రెండు ఎస్‌ఎస్‌డీలు కొని ఎండీఆడమ్ అనే టూల్‌తో రెయిడ్ 1 (ఒకే డేటా రెండు డిస్కుల్లోనూ ఉండే జత) కట్టండి. దాని మీద ఎల్‌వీఎం (డిస్క్ చోటుని వాల్యూమ్ గ్రూప్‌గా చేర్చి, అందులోంచి వాల్యూమ్‌లుగా పంచే పద్ధతి) పెట్టి, ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ వేయండి. వాల్యూమ్ గ్రూప్‌లో కొంత ఖాళీ వదలండి, తర్వాత స్నాప్‌షాట్‌కి (వాల్యూమ్ ఒక క్షణంలో ఎలా ఉందో అలా పట్టి ఉంచడానికి) కావాలి. పోస్ట్‌గ్రెస్ నడుస్తుండగానే దాని డైరెక్టరీ మొత్తాన్ని ఆర్‌సింక్ అనే కాపీ టూల్‌తో కొత్త చోటికి ఒకసారి కాపీ చేయండి. ఆ కాపీ అప్పటికి పనికిరాదు, ఎందుకంటే కాపీ అవుతుండగానే ఫైళ్లు మారుతుంటాయి. కానీ బరువంతా అప్పుడే కదిలిపోతుంది. తర్వాత ఒక రాత్రి పోస్ట్‌గ్రెస్ ఆపి, రెండోసారి ఆర్‌సింక్ నడపండి. ఈసారి ఫైలు లోపల ఉన్నదాన్నే పోల్చే చెక్‌సమ్ ఆప్షన్‌తోనూ, పాత చోట లేని ఫైళ్లు కొత్త చోట తీసేసే డిలీట్ ఆప్షన్‌తోనూ నడపాలి. చెక్‌సమ్ ఎందుకంటే, ఆర్‌సింక్ మామూలుగా ఫైలు సైజు, మారిన సమయం చూసి ఒకటేనా కాదా అని తేలుస్తుంది. డేటాబేస్ ఫైళ్ల విషయంలో ఆ పోలిక చాలదు. మీరు చెప్పిన 60 జీబీ డేటాబేస్‌కి రెండో విడత కొన్ని నిమిషాల్లో అయిపోతుంది.

కొత్త డిస్క్‌ని పోస్ట్‌గ్రెస్ ఇంతకు ముందు వాడిన అదే డైరెక్టరీ మీద మౌంట్ చేయండి (అంటే ఆ చోట తగిలించండి), అప్పుడు కాన్ఫిగరేషన్‌లో ఏదీ మార్చక్కర్లేదు. ఏ డిస్క్ ఎక్కడ మౌంట్ కావాలో చెప్పే ఎఫ్‌స్టాబ్ ఫైల్‌లో ఈ మౌంట్‌ని యూయూఐడీతో (ఫైల్ సిస్టమ్ గుర్తింపు సంఖ్యతో) కాకుండా ఎల్‌వీఎం పేరుతో రాయండి, దాని లాభం తర్వాత చెబుతాను. ఇంకో జాగ్రత్త కూడా తప్పకుండా తీసుకోండి. సర్వీసులను మొదలుపెట్టి నడిపే సిస్టమ్‌డీలో పోస్ట్‌గ్రెస్ సర్వీస్‌కి "ఈ మౌంట్ ఉంటేనే స్టార్ట్ అవ్వు" అనే షరతు పెట్టండి. రిక్వైర్స్ మౌంట్స్ ఫర్ అనే సెట్టింగ్ అందుకే ఉంది. లేకపోతే ఏదో ఒక రోజు డిస్క్ మౌంట్ కాకుండా సర్వర్ లేస్తే, కింద మిగిలిపోయిన పాత డైరెక్టరీతో డేటాబేస్ మొదలై, అందులో బిల్లులు పడటం మొదలవుతుంది. రెండు చోట్ల పడిన బిల్లుల్ని కలపడం చాలా పెద్ద తలనొప్పి. బిల్లుల పీడీఎఫ్‌లు, స్కాన్ చేసిన కాగితాలు దాచే ఫోల్డర్ ఉంటే దాన్ని కూడా ఇదే డిస్క్‌కి తరలించండి.

ఈ పనిని అప్‌గ్రేడ్‌కి కనీసం ఒక వారం ముందు, విడిగా చేయండి. వారం పాటు నడిచాక డేటా డిస్క్ మీద మీకు నమ్మకం వస్తుంది. రెండు మార్పులు ఒకే రాత్రి చేస్తే, తేడా వచ్చినప్పుడు దేనివల్ల వచ్చిందో తెలియదు.

ఇప్పుడు క్లోన్ దగ్గరకు వద్దాం. నడుస్తున్న సర్వర్ మీద డీడీ వద్దు. 480 జీబీ డిస్క్‌ని సెకనుకు 500 ఎంబీ చొప్పున చదివినా పదహారు నిమిషాలు పడుతుంది. మొదటి బ్లాక్ తీసిన క్షణానికి, చివరి బ్లాక్ తీసిన క్షణానికి మధ్య ఆ పదహారు నిమిషాల్లో డిస్క్ మారుతూనే ఉంటుంది. అంటే మీకు దొరికే కాపీ ఏ ఒక్క క్షణంలోనూ నిజంగా లేని డిస్క్ తాలూకు కాపీ. చాలాసార్లు ఫైల్ సిస్టమ్ తప్పులు సరిచేసే ఎఫ్‌ఎస్‌సీకే టూల్ సర్దేస్తుంది, బూట్ కూడా అవుతుంది. ఆ "చాలాసార్లు" మీద ఒక వ్యాపారాన్ని నిలబెట్టకూడదు. సర్వర్ ఆపి, క్లోనెజిల్లా పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి క్లోన్ తీస్తే శుభ్రంగా వస్తుంది, అది వాడిన బ్లాకులనే కాపీ చేస్తుంది కాబట్టి త్వరగానూ అవుతుంది. కానీ ఆ సేపంతా సర్వర్ ఆగి ఉండాలి, మనం తగ్గించుకుందామనుకున్నది అదే.

బ్లాకుల వారీగా తీసిన కాపీతో ఇంకో చిక్కు ఉంది. రెండు డిస్కులకూ యూయూఐడీలు ఒకటే అవుతాయి. రెండూ ఒకే మెషిన్‌లో ఉంటే, రీబూట్ తర్వాత ఏది రూట్‌గా (సిస్టమ్ ఫైళ్లుండే మూల ఫైల్ సిస్టమ్‌గా) మౌంట్ అవుతుందో చెప్పలేం. ఎల్‌వీఎం డూప్లికేట్ ఫిజికల్ వాల్యూమ్ ఉందని గోల పెడుతుంది. ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ అయితే రెండోదాన్ని మౌంట్ చేయనని మొండికేస్తుంది. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ అయితే మరీ ప్రమాదం, రెండింటినీ కలగలిపి డేటా పాడయ్యే అవకాశం ఉంది. వీటన్నిటికీ మందులున్నాయి. ట్యూన్2ఎఫ్‌ఎస్‌తో యూయూఐడీ మార్చొచ్చు, వీజీ ఇంపోర్ట్ క్లోన్‌తో ఎల్‌వీఎం పేర్లు మార్చొచ్చు. కానీ రోగం రాకుండా చూసుకోవడమే మేలు.

నా సలహా ఫైళ్ల వారీ క్లోన్. కొత్త ఎస్‌ఎస్‌డీ మీద మీరే కొత్తగా పార్టిషన్లు వేయండి: బూట్ మొదలయ్యే ఈఎఫ్‌ఐ పార్టిషన్ ఒకటి, కెర్నల్ ఉండే బూట్ పార్టిషన్ ఒకటి, మిగతాది వేరే పేరుతో కొత్త వాల్యూమ్ గ్రూప్. అన్నిటికీ కొత్త యూయూఐడీలు వాటంతటవే వస్తాయి. తర్వాత పాత రూట్‌కి ఎల్‌వీఎం స్నాప్‌షాట్ తీయండి. ఉబుంటు సర్వర్ ఇన్‌స్టాలర్ ఎల్‌వీఎంతో వేస్తే పెద్ద డిస్కుల మీద రూట్‌కి 100 జీబీ ఇచ్చి మిగతాది ఖాళీగా వదులుతుంది. చాలామంది దాన్ని లోపం అనుకుని తిట్టుకుంటారు గానీ, ఆ ఖాళీ సరిగ్గా ఇక్కడ పనికొస్తుంది. మీరు తర్వాత రూట్‌ని మొత్తం డిస్క్‌కి పెంచేసి ఉంటే స్నాప్‌షాట్‌కి చోటుండదు, అది ముందే చూసుకోండి. స్నాప్‌షాట్‌కి ఓ 20 జీబీ ఇవ్వండి. అది నిండిపోతే స్నాప్‌షాట్ చెల్లకుండా పోతుంది కాబట్టి, కాపీ అవగానే తీసేయాలి. రోజుల తరబడి ఉంచకూడదు.

స్నాప్‌షాట్‌ని రీడ్-ఓన్లీగా మౌంట్ చేసి, అక్కడి నుంచి ఆర్‌సింక్‌తో కొత్త రూట్‌కి కాపీ చేయండి. పర్మిషన్లతో పాటు హార్డ్ లింకులు, ఏసీఎల్‌లు (అదనపు అనుమతుల జాబితాలు), ఎక్స్‌టెండెడ్ ఆట్రిబ్యూట్లు కూడా రావాలి, యూజర్ ఐడీలు అంకెలుగానే రావాలి. ఈ ఆప్షన్లలో ఒకటి మర్చిపోయినా పైకి అంతా బాగానే కనిపిస్తుంది. ఎక్స్‌టెండెడ్ ఆట్రిబ్యూట్లు రాకపోతే కొన్ని ప్రోగ్రాములకు ఇచ్చిన కేపబిలిటీలు (ప్రత్యేక హక్కులు) పోయి, మామూలు యూజర్‌కి పింగ్ కూడా పనిచేయకపోవచ్చు. బూట్, ఈఎఫ్‌ఐ పార్టిషన్లు ఎల్‌వీఎం బయట ఉంటాయి కాబట్టి వాటిని విడిగా కాపీ చేయాలి. ఆ మధ్యలో కెర్నల్ అప్‌డేట్ ఏదీ పడకుండా ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆపి ఉంచండి. తర్వాత క్లోన్‌లోకి సీహెచ్‌రూట్ అయ్యి (అంటే బూట్ చేయకుండానే దాన్నే రూట్‌గా చేసుకుని లోపలికి వెళ్లి), ఎఫ్‌స్టాబ్‌లో కొత్త యూయూఐడీలు రాసి, బూట్ మొదట్లో డ్రైవర్లు అందించే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ మళ్లీ తయారు చేసి, బూట్ లోడర్ గ్రబ్ ఇన్‌స్టాల్ చేసి, గ్రబ్ కాన్ఫిగరేషన్ కొత్తగా రాయించండి. గ్రబ్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మదర్‌బోర్డులో బూట్ వరుస దాచే ఎన్‌వీరామ్ జోలికి పోవద్దనే ఆప్షన్ ఇవ్వండి. లేకపోతే అసలు సర్వర్ బూట్ వరుసను అది ఇప్పుడే మార్చేస్తుంది.

ఇక్కడితో ఆగి ఒక విషయం మీద ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే క్లోనింగ్‌లో డిస్కుల కంటే ఎక్కువ నష్టం దీనివల్లే జరుగుతుంది. మీరు క్లోన్‌ని పరీక్ష కోసం బూట్ చేసిన క్షణాన అది తనే అసలు సర్వర్ అనుకుంటుంది. దాని ఐపీ అదే, హోస్ట్‌నేమ్ అదే, పాస్‌వర్డులు, కీలు అవే. రాత్రి పన్నెండుకి దానంతటదే నడిచేలా క్రాన్‌లో పెట్టిన పని అక్కడా నడుస్తుంది. కస్టమర్లకు బాకీ గుర్తుచేసే ఎస్‌ఎంఎస్‌లు రెండుసార్లు వెళ్తాయి. మెయిల్ క్యూలో ఆగి ఉన్న మెయిళ్లు మళ్లీ బయల్దేరతాయి. అన్నిటికంటే దారుణం బ్యాకప్ స్క్రిప్ట్. క్లోన్‌లోని ఖాళీ డేటాబేస్‌ని తీసుకెళ్లి ఎన్‌ఏఎస్‌లో (నెట్‌వర్క్ స్టోరేజ్‌లో) ఉన్న నిన్నటి మంచి బ్యాకప్ మీద రాసేస్తుంది. వీపీఎన్ ఉంటే ఒకే కీతో రెండు మెషిన్లు చేరి ఒకదాన్నొకటి తన్నేసుకుంటాయి.

కాబట్టి క్లోన్‌ని మొదటిసారి బూట్ చేయకముందే, సీహెచ్‌రూట్‌లో ఉండగానే క్రాన్, మెయిల్ సర్వర్, బ్యాకప్ టైమర్లు, వీపీఎన్, ఎస్‌ఎంఎస్ పంపే సర్వీస్, బిల్లింగ్ అప్లికేషన్ అన్నిటినీ సిస్టమ్‌డీలో మాస్క్ చేసేయండి. డిసేబుల్ చేస్తే చాలదు, ఇంకో సర్వీస్ దాన్ని లేపగలదు. మాస్క్ చేస్తే ఎవరూ లేపలేరు. ఏమేం మాస్క్ చేశారో క్లోన్‌లోనే ఒక ఫైల్‌లో వరుసగా రాసి పెట్టండి. ఆదివారం ఆ ఫైల్ చూసే మాస్క్‌లు తీస్తారు. జ్ఞాపకం మీద ఆధారపడితే ఒకటి మిగిలిపోతుంది, అది బ్యాకప్ టైమర్ అయితే నెల తర్వాత గానీ తెలియదు.

అప్‌గ్రేడ్‌ని సీహెచ్‌రూట్‌లో చేయొద్దు, లైనక్స్‌లోని కేవీఎంతో నడిచే వర్చువల్ మెషిన్‌లో (సాఫ్ట్‌వేర్‌తో తయారైన కంప్యూటర్‌లో) చేయండి. మీ సర్వర్‌కి హాట్‌స్వాప్ బే (నడుస్తుండగానే డిస్క్ తీసి పెట్టగల అర) ఉంటే క్లోన్ డిస్క్ తీసి, లైనక్స్ ఉన్న వేరే డెస్క్‌టాప్‌కి తగిలించండి, అసలు సర్వర్ మీద భారం పడదు. లేకపోతే అదే సర్వర్‌లో కౌంటర్ మూసిన తర్వాత చేసుకోండి. అప్పుడు ఆ డిస్క్ హోస్ట్‌లో మౌంట్ అయి ఉండకూడదు, దాని వాల్యూమ్ గ్రూప్ యాక్టివ్‌గా ఉండకూడదు. ఒకే ఫైల్ సిస్టమ్‌ని హోస్ట్, వర్చువల్ మెషిన్ రెండూ ఒకేసారి రాస్తే అది అక్కడికక్కడే పాడవుతుంది. వర్చువల్ మెషిన్‌కి యూఈఎఫ్‌ఐ ఫర్మ్‌వేర్, ఆఫీసు నెట్‌వర్క్‌లో నేరుగా కనిపించకుండా ఉంచే నాట్ (NAT) నెట్‌వర్క్ ఇవ్వండి. ఆఫీసు నెట్‌వర్క్‌లోకి నేరుగా బ్రిడ్జ్ చేయొద్దు.

డేటా డిస్క్ బదులు ఒక క్యూకౌ2 (వర్చువల్ డిస్క్) ఫైల్‌ని రెండో డిస్క్‌గా ఇచ్చి, అందులో అవే వాల్యూమ్ గ్రూప్, లాజికల్ వాల్యూమ్ పేర్లు పెట్టండి. ఎఫ్‌స్టాబ్‌లో ఎల్‌వీఎం పేరుతో రాయమన్నది ఇందుకే. క్లోన్‌లో ఒక్క అక్షరం మార్చకుండా ఇక్కడ ఈ డొల్ల డిస్క్ మౌంట్ అవుతుంది, ఆదివారం అసలు డిస్క్ మౌంట్ అవుతుంది. ఆ డొల్ల డిస్క్‌లోకి నిన్నటి పీజీ డంప్‌ని (పోస్ట్‌గ్రెస్ బ్యాకప్‌ని) రిస్టోర్ చేయండి. దాంతో మీ బ్యాకప్ నిజంగా పనిచేస్తుందో లేదో కూడా తేలిపోతుంది. ఇది మీరు ఇంతవరకు చేయకపోతే, అప్‌గ్రేడ్ సంగతి ఎలా ఉన్నా ఈ ఒక్క పని కోసమైనా ఈ శ్రమ పడొచ్చు.

వర్చువల్ మెషిన్‌లో నెట్‌వర్క్ కార్డ్ పేరు మారుతుంది కాబట్టి తాత్కాలికంగా ఒక నెట్‌ప్లాన్ (నెట్‌వర్క్ సెట్టింగుల) ఫైల్ పెట్టి, అయిపోయాక తీసేయండి. అసలు సర్వర్ కార్డ్‌ని నెట్‌ప్లాన్‌లో మ్యాక్ అడ్రస్‌తో గుర్తించి, పేరు ఖాయం చేసేలా రాయండి. సిస్టమ్‌డీ వెర్షన్ మారినప్పుడు కార్డుల పేర్లు పెట్టే తీరు మారొచ్చు. ఆదివారం సాయంత్రం సర్వర్ లేచి నెట్‌వర్క్ లేకుండా కూర్చుంటే ఆ గంట దానికే సరిపోతుంది.

అప్‌గ్రేడర్ నడుస్తున్నప్పుడు అది బయటి రిపాజిటరీలను (ప్యాకేజీలు దొరికే చోట్లను) డిసేబుల్ చేస్తుంది. మీ పోస్ట్‌గ్రెస్ 14 పోస్ట్‌గ్రెస్ వాళ్ల సొంత రిపాజిటరీ నుంచి వచ్చింది కాబట్టి, అందులో విడుదల పేరును 22.04 కోడ్ పేరైన జామీకి మార్చి దాన్ని మళ్లీ ఎనేబుల్ చేయండి. పోస్ట్‌గ్రెస్ మేజర్ వెర్షన్‌ని మాత్రం ఈ పనిలో మార్చొద్దు. 14 నుంచి 14కే వెళ్లండి. వెనక్కి రావడానికి దారి తెరిచి ఉండాలంటే డేటా డిస్క్‌ని పాత సిస్టమ్, కొత్త సిస్టమ్ రెండూ చదవగలగాలి. పోస్ట్‌గ్రెస్ వెర్షన్ మార్చే పీజీ అప్‌గ్రేడ్ టూల్‌ని, ఫైళ్లు కాపీ చేయకుండా ఉన్నవే వాడే లింక్ మోడ్‌లో నడిపి కొత్త సర్వర్‌ని ఒక్కసారి స్టార్ట్ చేస్తే, పాత క్లస్టర్ (పాత డేటాబేస్ ఫైళ్లు) ఇక సురక్షితం కాదు. అప్పుడు మీ పాత సిస్టమ్ డిస్క్ ఎంత భద్రంగా ఉన్నా పనికిరాదు. డేటాబేస్ అప్‌గ్రేడ్ ఇంకో నెలలో ఇంకో ఆదివారం చేసుకోవచ్చు.

ఇంకో సూక్ష్మమైన సంగతి ఉంది. టెక్స్ట్ కాలమ్‌ల మీద ఉన్న ఇండెక్సుల వరుస జీలిబ్‌సీ (లైనక్స్ మూల లైబ్రరీ) చెప్పిన అక్షరక్రమం మీద ఆధారపడుతుంది. జీలిబ్‌సీ 2.28లో ఆ క్రమం బాగా మారింది. సెంటాస్ 7 నుంచి 8 తరానికి, ఉబుంటు 18.04 నుంచి 20.04కి వెళ్లినవాళ్లు టెక్స్ట్ ఇండెక్సులన్నీ రీఇండెక్స్ చేసి తీరాలి. లేకపోతే ఉన్న కస్టమర్ పేరు వెతికితే లేదంటుంది, రెండోసారి చేర్చబోతే ఒప్పుకుంటుంది. మీరు 20.04 మీదే ఉన్నారు కాబట్టి ఆ పెద్ద గండం దాటినట్టే. అయినా మారిన తర్వాత ఆమ్‌చెక్ ఎక్స్‌టెన్షన్‌తో ఇండెక్సులు ఒకసారి పరీక్షించుకోండి. పోస్ట్‌గ్రెస్ 15 నుంచి ఇలాంటి మార్పు గురించి డేటాబేస్ స్థాయిలో హెచ్చరిక వస్తుంది, 14లో రాదు.

అల్మా, రాకీ లాంటి వేరే లైనక్స్‌లు వాడేవాళ్లకు ఒక మాట. అక్కడ డ్రాకట్ అనే టూల్ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ని ఆ మెషిన్‌కి అవసరమైన డ్రైవర్లతోనే తయారు చేస్తుంది. వర్చువల్ మెషిన్‌లో తయారైతే అసలు సర్వర్ రెయిడ్ కార్డ్ డ్రైవర్ అందులో ఉండదు, బూట్ కాదు. నో-హోస్ట్‌ఓన్లీ ఆప్షన్‌తో మళ్లీ తయారు చేయించాలి. ఉబుంటు డిఫాల్ట్‌గా చాలా డ్రైవర్లు పెట్టేస్తుంది కాబట్టి మీకు ఈ బాధ లేదు.

అప్లికేషన్ మాస్క్ తీసి, వర్చువల్ మెషిన్‌లోనే లాగిన్, బిల్లు, రిటర్న్, స్టాక్ రిపోర్ట్, ప్రింట్ అన్నీ చూడండి. బిల్లింగ్ కౌంటర్‌లో రోజూ కూర్చునే మనిషిని ఒక అరగంట పిలిచి వాళ్ల చేత చేయించండి. ఏది తేడాగా ఉందో మనకంటే వాళ్లకే త్వరగా తెలుస్తుంది. చూశాక మళ్లీ మాస్క్ చేసి ఆపేయండి.

క్లోన్ తీసిన దగ్గర నుంచి ఆదివారం వరకు అసలు సర్వర్ సిస్టమ్‌లో మార్పులు చేయకూడదు. కొత్త యూజర్లు, కొత్త ప్రింటర్లు, పాస్‌వర్డ్ మార్పులు అన్నీ వాయిదా వేయండి. అయినా ఎవరో ఒకరు ఏదో ఒకటి చేస్తారు. అందుకే ఆదివారం మధ్యాహ్నం సెట్టింగులుండే ఈటీసీ డైరెక్టరీలోనూ, క్రాన్ టేబుళ్లలోనూ క్లోన్ తేదీ తర్వాత మారిన ఫైళ్లేంటో ఫైండ్ కమాండ్‌తో జాబితా తీసి, అవసరమైనవి క్లోన్‌లో కూడా మార్చండి.

ఇక ఆదివారం గంట. అప్లికేషన్ ఆపండి, పోస్ట్‌గ్రెస్‌ని పద్ధతిగా షట్‌డౌన్ చేయండి, డేటా వాల్యూమ్‌కి ఒక స్నాప్‌షాట్ తీయండి. క్లోన్‌ని మౌంట్ చేసి, ఫైల్ చూసి మాస్క్‌లు తీయండి. హాట్‌స్వాప్ బే ఉన్నవాళ్లయితే క్లోన్ డిస్క్‌ని అంతకుముందే సర్వర్‌లోకి తెచ్చి పెట్టి ఉండాలి. ఇప్పుడు ఈఎఫ్‌ఐ బూట్ మేనేజర్ టూల్‌తో క్లోన్ డిస్క్‌కి ఒక బూట్ ఎంట్రీ చేర్చండి. వర్చువల్ మెషిన్‌లో గ్రబ్ రాసుకున్న ఎంట్రీ ఆ వర్చువల్ మెషిన్‌లోనే ఉంటుంది, ఇక్కడికి రాదు. ఎంట్రీ చేర్చగానే టూల్ దాన్ని బూట్ వరుసలో మొదట పెట్టేస్తుంది, కాబట్టి వరుసను మళ్లీ పాత డిస్క్ మొదట ఉండేలా సరిచేసి, కొత్త ఎంట్రీని బూట్ నెక్స్ట్‌గా మాత్రమే పెట్టండి. ఈ పద్ధతి నాకు చాలా ఇష్టం. బూట్ నెక్స్ట్ ఒక్కసారికే పనిచేస్తుంది. కొత్త సిస్టమ్ లేవకుండా మధ్యలో ఆగిపోతే, పవర్ బటన్ నొక్కి ఆపి మళ్లీ ఆన్ చేస్తే చాలు, పాత డిస్క్‌తోనే లేస్తుంది. ఆ సమయానికి మీరు ఊళ్లో లేకపోయినా ఆఫీసులో ఎవరైనా చేయగలరు. అంతా బాగుందని తేలాకే బూట్ వరుసను శాశ్వతంగా మార్చాలి.

రీబూట్‌లో ఎక్కువ సమయం తినేది ఉబుంటు కాదు, సర్వర్ హార్డ్‌వేర్ తన మెమరీని, కార్డులను పరీక్షించుకునే దశ. కొన్ని సర్వర్లకు అదే నాలుగైదు నిమిషాలు పడుతుంది. స్క్రీన్ నల్లగా ఉందని కంగారుపడి మధ్యలో ఆపకండి. మీ సర్వర్‌కి ఎంత పడుతుందో డేటా డిస్క్ పెట్టిన రోజే గడియారం చూసి రాసుకోండి. లేచాక మౌంట్లు, టైమ్ సింక్, పోస్ట్‌గ్రెస్ లాగ్, ఒక అసలు బిల్లు, ఒక ప్రింట్ చూడండి. మొత్తం ఇరవై నిమిషాల్లో అవ్వాలి. వెనక్కి వెళ్లాల్సిన సమయాన్ని ముందే ఓనర్‌గారితో కలిసి ఖాయం చేసుకోండి: నలభయ్యో నిమిషానికి బిల్లు పడకపోతే చర్చ లేకుండా పాత డిస్క్‌కి. "ఇంకో పది నిమిషాల్లో దొరికేస్తుంది" అన్న ఆశే గంటని ఆరు గంటలు చేస్తుంది. వెనక్కి వెళ్తే పోయేదేం లేదు, కొత్త సిస్టమ్ అలాగే ఉంటుంది, సోమవారం మళ్లీ వర్చువల్ మెషిన్‌లో పెట్టి చూసుకోవచ్చు.

రెయిడ్ 1లో ఒక డిస్క్ పీకేసి దాన్నే క్లోన్‌గా వాడొచ్చు కదా అని కూడా అడిగారు. సిస్టమ్ డిస్క్‌కి రెయిడ్ ఉన్నవాళ్లు చాలామంది అలా చేస్తారు. కానీ అప్‌గ్రేడ్ జరిగే సమయానికే మీకు మిర్రర్ లేకుండా పోతుంది, పైగా రెండు సగాలకూ ఎరే యూయూఐడీ ఒకటే కాబట్టి ఒకే మెషిన్‌లో ఉంచితే ఏది ఏదో కలగాపులగం అవుతుంది. చేయాలనుకుంటే మూడో డిస్క్ చేర్చి, సింక్ అయ్యాక దాన్ని విడదీసి, మెషిన్ బయటకు తీసి వాడండి.

క్లౌడ్‌లో ఉన్నవాళ్లకు ఈ శ్రమలో సగం ఉండదు. అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌లో రూట్ వాల్యూమ్ స్నాప్‌షాట్ తీసి, దాని నుంచి ఇంకో ఇన్‌స్టెన్స్ లేపి, అక్కడ అప్‌గ్రేడ్ చేసి, రూట్ వాల్యూమ్ మార్చేయొచ్చు. స్నాప్‌షాట్ నుంచి పుట్టిన ఈబీఎస్ వాల్యూమ్ (అక్కడి డిస్క్) ప్రతి బ్లాక్‌ని మొదటిసారి చదివేటప్పుడు ఎస్3 స్టోరేజ్ నుంచి తెచ్చుకుంటుంది, అందుకే మొదట్లో నెమ్మదిగా ఉంటుంది. మార్చడానికి ముందు మొత్తం ఒకసారి చదివించి వేడెక్కించుకోవాలి. వీఎమ్‌వేర్ వాడేవాళ్లు స్నాప్‌షాట్‌ని 72 గంటలు మించి ఉంచొద్దని ఆ సంస్థే చెబుతుంది, దాన్ని క్లోన్‌లా నెలల తరబడి దాచుకోకూడదు. క్లోన్‌లో పుట్టిన కవల సర్వర్ ప్రమాదం మాత్రం అన్నిచోట్లా ఒకటే.

మీకు తొందర కూడా లేదు. 20.04కి మామూలు సపోర్ట్ 2025 మేలో ముగిసింది గానీ, ఉబుంటు ప్రో తీసుకుంటే సెక్యూరిటీ ప్యాచ్‌లు 2030 వరకు వస్తాయి. ఈ వారమే అంతా అయిపోవాలని కూర్చోవద్దు. ముందు డేటా విడదీయండి, వారం ఆగండి, తర్వాత క్లోన్.

పాత సిస్టమ్ డిస్క్‌ని ఎప్పుడు తుడిచేయాలన్నది మీ చివరి ప్రశ్న. మర్నాడు అంతా బాగుందని తుడిచేయకండి. నెలకోసారి మాత్రమే నడిచే పనులుంటాయి, అవి అప్పటిదాకా బయటపడవు. మీ దగ్గర నెలాఖరు స్టాక్ క్లోజింగ్, 11వ తేదీ లోపు జీఎస్‌టీఆర్-1, 20వ తేదీ లోపు జీఎస్‌టీఆర్-3బీ ఉంటాయి. ఆ మూడూ కొత్త సిస్టమ్ మీద సజావుగా నడిచాక పాత డిస్క్ తుడిచి, రోజువారీ ప్యాచ్‌ల కోసం తర్వాతి క్లోన్‌కి దాన్నే వాడుకోండి. అప్పటిదాకా దాన్ని సర్వర్‌లోనే ఉంచొచ్చు, కానీ అది బ్యాకప్ కాదు. రోజూ తీసే పీజీ డంప్ అదే మెషిన్‌లో కాకుండా బయటి డిస్క్‌కీ, వీలైతే వేరే భవనానికీ వెళ్తూనే ఉండాలి.